రెండు బారల తాడు

పెద్ద పోటు రోజు

ఈరోజు నా నవలను మెచ్చుకున్న ముగ్గురిని కొట్టబోయాను.

మొదటివాడు గంజికేంద్రంలో వడ్డించే అబ్బులు. నా పళ్ళెంలో గరిటెడు ఎక్కువే వేసి, "ఒరే వైనా, నీ నవల విన్నాను. ఆఖర్లో ఆ పెళ్ళుంది చూశావూ, ఏం రాశావురా బాబూ!" అన్నాడు. నా నవలలో పెళ్ళి లేదు. రెండో మనిషి మా పక్క గదిలో ఉండే సుభద్రక్క. కుక్క తిరిగొచ్చిన చోట కళ్ళు తుడుచుకుందట. నా నవలలో కుక్కే లేదు. మూడోవాడు గంగరాజు బాబాయి, నీళ్ళ మీద తేలే తెప్ప పొలాల కాపలాదారు. "హీరో అచ్చం నాలాగే ఉన్నాడేంట్రా, నన్ను చూసే రాశావా?" అని మీసం దువ్వుకున్నాడు. నా నవలలో హీరో లేడు. వీధి మొత్తం హీరోయే.

ఇదంతా చెవిపూస చేసిన పని. ఈ కొండ మీద ప్రతి చెవికీ ఒక పూస ఉంది. అది రోజూ కథ చెబుతుంది. వినేవాడికి ఏది హాయిగా ఉంటుందో చూసుకుని, అందుకు తగ్గట్టు మార్చి మరీ చెబుతుంది. పాత కథలకైతే అలా చేస్తుందని నాకూ తెలుసు. రాసినవాడు బతికుండి, పక్క గదిలోనే కాపురముంటే కాస్త మర్యాద చూపిస్తుందనుకున్నాను. నవల పూర్తయిన ఆనందంలో మొత్తం పూసలోకి చదివేశాను.

నా నవల పేరు 'పంపుల వీధి'. ఇప్పుడు నీళ్ళ అడుగున ఉన్న మా పాత ఊళ్ళో ఒక వీధి కథ. సముద్రం మీదికొచ్చిన రోజుల్లో ఆ వీధివాళ్ళు పంపులు ఆపకుండా ఆడించి, మిగతా ఊరంతా పడవలెక్కేదాకా నీళ్ళని నిలబెట్టారు. ఆ తర్వాత వాళ్ళ వీధి మునిగిపోయింది. ఆ మునగడం కోసమే రాశాను. సాయంత్రం దాకా కనపడినవాళ్ళనల్లా అడిగాను. ఒక్కరి చెవిలోనూ వీధి మునగలేదు.

రాతపలక ముందు కూర్చుని ఏకసభ్య సభ జరిపాను. తీర్మానం: ఈ నవల కాగితం మీద అచ్చు కావాలి. ఎవరి హాయి కోసమూ ఒక్క అక్షరం పక్కకు జరగకూడదు. ఏకగ్రీవంగా ఆమోదించాను.

పోటు తీసిన మర్నాడు

కొండ మీద అచ్చుగది ఒక్కటే. పోటు వేళల పట్టీలు, విత్తనాల చీటీలు అచ్చు వేస్తారక్కడ. నడిపేది తలుపులమ్మగారు. మోచేతుల దాకా సిరా, నోట్లో లవంగం.

"నవలండి," అన్నాను.

"ఎంత బరువు?"

"రాతపలక మీదుందండి."

"పలక సంగతి కాదబ్బాయ్. నువ్వు తెచ్చే పాత కాగితం ఎంత బరువని. చెట్టు కొట్టనివ్వరు కదా. ఎత్తుకు ఎత్తు పాత కాగితమిస్తే నానబెట్టి కొత్తది చేస్తాను. నీ పుస్తకం పుట్టాలంటే ఇంకో పుస్తకం తొట్టిలో పడాలి."

ఇది దుర్మార్గమన్నాను. పాత మాటని చంపితేగాని కొత్త మాటకి చోటివ్వరా అని, ఇంకా చాలా అన్నాను. ఆవిడ లవంగం ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చుకుని అంతా విన్నారు.

"అయిందా? ఇంకోటుంది. ఎవడి పుస్తకం కోసమైనా ఇంకోడి పుస్తకం నానబెట్టే ముందు నాకో రుజువు కావాలి. పూస లేని చెవులతో జనం నీ కథ చివరిదాకా విన్నారా?"

"పూస లేని చెవులు ఈ కొండ మీదెక్కడున్నాయండి?"

"తాళ్ళ పాకలో," అన్నారావిడ, సిరా కలుపుకుంటూ.

అవును, నాకు తట్టనే లేదు. తెప్ప పొలాలని కొండకి కట్టే మోకులు అక్కడే పేనుతారు. పీచు పట్టుకుని రెండు వరసల ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి, వెనక్కి నడుస్తూ పురి ఎక్కిస్తారు. అడుగులన్నీ ఒకేసారి పడాలి. ఒకావిడ చెవిలో ఏడుపు కథ, ఇంకొకావిడ చెవిలో నవ్వుల కథ నడిస్తే పురి తప్పుతుంది. పురి తప్పిన మోకు పోటుకి తెగిందంటే వరిపొలం సముద్రంలోకి కొట్టుకుపోతుంది. అందుకని గుమ్మం దగ్గరే పూసలు తీసి కొబ్బరిచిప్పలో వేసి లోపలికి వెళ్తారు.

పాక మేస్త్రి కామాయమ్మత్తని బతిమాలాను. "మా చేతులు ఆగకుండా ఉంటే నీ నోరు ఎంతసేపైనా ఆడించుకో," అంది.

ముసురు పట్టిన రోజు

చదివాను. పరువు పోయింది.

మొదటి అధ్యాయం పంపు నడిపే వీరాస్వామి ఉపన్యాసంతో మొదలవుతుంది. నెలల తరబడి చెక్కిన ఉపన్యాసం. ఆవేశం తెచ్చుకుని, చెయ్యెత్తి, వాక్యం వాక్యం విరిచి చదివాను. పీచు చప్పుడు తప్ప పాకలో ఇంకో చప్పుడు లేదు. లీనమైపోయారనుకున్నాను. సగంలో మాణిక్యం పిన్ని అడ్డం వచ్చింది. ఆవిడ గొంతు ఈ కొండ మీదనుంచి ఆ కొండకి వినపడుతుంది.

"ఒరే అబ్బాయ్, ఆయన ఇంతసేపు మాట్టాడతా ఉంటే పంపెవరు చూస్తన్నారు?"

నవ్వులు. నడిచే అడుగులతోపాటు నవ్వు కూడా పాకలో ఆ చివరికీ ఈ చివరికీ నడిచింది.

"అదికాదే, నాకో అనుమానం," అంది ఇంకొకావిడ. "ఇందాకట్నుంచీ చూస్తన్నాను, వీధంతా అరుస్తారు, పిడికిళ్ళెత్తుతారు. ఒక్కళ్ళూ అన్నం తినరేంట్రా?"

"ఆకలి గురించి రెండో అధ్యాయంలో ఉంది," అన్నాను.

"ఆకలి గురించి కాదు బాబూ, అన్నం గురించి."

"మీకు పూస చెప్పే కథలే కావాలి! పెళ్ళిళ్ళు, కుక్కలు! త్యాగం గురించి చెబితే మీ చెవికెక్కదు!" అని రాతపలక చంకన పెట్టుకుని బయటికి నడిచాను. గుమ్మంలో పూసల చిప్ప కాలికి తగిలి బోర్లాపడింది. వంగి ఒక్కొక్కటీ ఏరి చిప్పలో వేయాల్సొచ్చింది. కోపంగా బయటికి వెళ్ళేవాడు గుమ్మంలో వంగి పూసలు ఏరుకోకూడదు. ఆ సంగతి నేను చదివిన ఏ కరపత్రంలోనూ రాయలేదు.

ముసురు విడవని రోజు

పెట్టె తెరిచాను. ఇది పేర్రాజు మామయ్య నాకు వదిలివెళ్ళిన పెట్టె.

ఊరొదిలి వచ్చేటప్పుడు అందరూ గిన్నెలు, పట్టాలు, కుట్టుమిషన్లు పడవల్లో వేసుకుంటే, మామయ్య ప్లాస్టిక్ సంచుల్లో చుట్టిన కరపత్రాలు, చిన్న చిన్న పుస్తకాలు వేసుకున్నాడట. కూలి రేట్ల మీద, మూఢనమ్మకాల మీద, తేనెటీగల పెంపకం మీద, పాము కాటు మీద. వీధుల్లో ఉచితంగా పంచినవి, సభల్లో గుప్పెడు బఠాణీల ఖరీదుకి అమ్మినవి. పడవలో జనం ఆయన్ని తిట్టారట. నేను ఆ పడవలోనే పుట్టాను. అందుకే మునిగిపోయిన ఏటిపాయ పేరు వైనతేయ అని నాకు పెట్టారు. మా ఈడువాళ్ళందరికీ నీళ్ళ కింది పేర్లే.

నా చిన్నప్పటికి ఇంకా పూసలు రాలేదు. గదులూ లేవు. అందరం టార్పాలిన్ల కింద ఉండేవాళ్ళం. వాన పడుతుంటే మామయ్య ఏదో ఒక కరపత్రం తీసి పైకి చదివేవాడు. ఏది చదివినా ఒకటే, అందరూ చుట్టూ చేరేవాళ్ళు. తేనెటీగలు అప్పటికి ఎక్కడా కనపడేవి కాదు, అయినా రాణి ఈగ ఎగిరిపోతే ఏం చెయ్యాలన్న చోట పెద్దవాళ్ళు వాదులాడుకునేవాళ్ళు. పాము కాటు పుస్తకం వచ్చిందంటే పిల్లలం కాళ్ళు పైకి ముడుచుకునేవాళ్ళం. టార్పాలిన్ మీద వాన, కింద ఒక్క గొంతు. మర్నాడు నీళ్ళ వరసలో నిలబడినప్పుడు కూడా అదే మాట, "రాణి ఈగని వదిలెయ్యాల్సింది కాదు."

అంతమంది ఒకే దాని గురించి మాట్లాడుకోవడం నేను చివరిసారి ఎప్పుడు విన్నానో గుర్తు లేదు.

ఆ పెట్టెలో అట్ట ఊడిపోయిన ఒక పల్చటి పుస్తకం ఉంది. సభ ఎలా జరపాలో చెప్పే పుస్తకం. నేను అక్షరాలు నేర్చుకున్నది దాని మీదే. మొదటి వాక్యం: 'ముందుగా, వచ్చినవారందరినీ ఒకే గొంతు వినపడేలా కూర్చోబెట్టాలి.' కింద రెండో వాక్యం కూడా ఉంది. ఎన్నోసార్లు చదివాను కానీ ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. 'తర్వాత, వారిని మాట్లాడనివ్వాలి.'

తీర్మానం: రేపు పాకకి వెళ్ళాలి. ఒక ఓటు వ్యతిరేకం. అదీ నాదే. అయినా నెగ్గింది.

తెరపి ఇచ్చిన రోజు

గుమ్మంలో నన్ను చూడగానే మాణిక్యం పిన్ని, "వచ్చాడమ్మా త్యాగయ్య! పూసల చిప్ప పక్కకి జరపండే," అంది.

ఈసారి రాతపలక తెరవలేదు. పీచు చిక్కు తీస్తూ కూర్చున్నాను. "పిన్నీ, మీ వీధిలో అన్నం ఎప్పుడు తినేవాళ్ళు?" అని అడిగాను. తర్వాత చాలాసేపు నేను నోరు తెరవలేదు. నాకిది కొత్త.

మాణిక్యం పిన్నిది పంపుల వీధేనట. కామాయమ్మత్తది కూడా. నేను వీళ్ళ వీధి గురించి వీళ్ళకే ఉపన్యాసం ఇచ్చాను!

"రాత్రీ పగలూ పంపులు ఆడేవి కదరా. ఆ చప్పుడుకి మాకు మెల్లగా మాట్టాడ్డం రాలేదు. నా గొంతు ఇలా ఎందుకుందనుకున్నావ్? మా ఆయన నన్ను చేసుకుంటానని చెప్పినప్పుడు కూడా అరిచి చెప్పాడు. వీధంతా విన్నారు. మా నాన్న మేడ మీంచి 'సరే' అని అరిచాడు. సంబంధం కుదిరిపోయింది."

"పంపుగది వెనక గోడ వెచ్చగా ఉండేది," అంది కామాయమ్మత్త, పురి మీంచి కన్ను తియ్యకుండా. "చలికాలం ముసలాళ్ళందరూ వీపులానించి కూర్చునేవోళ్ళు. రేకు మీద మేము గోంగూర ఎండబెట్టేవాళ్ళం. సాయంత్రానికి నూనె వాసన, గోంగూర వాసన కలిసిపోయేవి. ఇప్పటికీ ఎక్కడైనా ఇంజనాయిలు వాసనొస్తే నాకు నోరూరుద్ది."

అందరూ నవ్వారు. ఆ నవ్వు తగ్గేటప్పటికి ఎవరూ ఎవరి మొహంలోకీ చూడటం లేదు.

"మరి ఆఖరి రోజు?" అన్నాను.

అడుగులు పడుతూనే ఉన్నాయి. కామాయమ్మత్త చెప్పింది. "పంపులు ఆగిపోయాయి. అంతే. అరుపులేం లేవు. మోకాళ్ళ దాకా నీళ్ళు, పొయ్యి అరుగు మీద ఉంది. అప్పుడు వినపడిందిరా నాకు, అన్నం కుతకుతా ఉడుకుతున్న చప్పుడు. ఆ వీధిలో పుట్టాను, ఆ వీధిలోనే కాపరానికొచ్చాను. అన్నం ఉడికితే చప్పుడవుద్దని నాకు అప్పుడే తెలిసింది."

ఎండు గాలులు మొదలైన రోజు

వీరాస్వామి ఉపన్యాసం కొట్టేశాను. మొత్తం. కొట్టేసేటప్పుడు పళ్ళు నూరుకున్నాను, కానీ కొట్టేశాను. దాని బదులు ఇంజనాయిలు వాసన రాశాను. నూకాలు అనే ఆవిణ్ని తెచ్చాను. ఆవిడ పిడికిలెత్తదు, గోంగూర ఎండబెడుతుంది, కేకలేస్తుంది, పంపు నడిపేవాళ్ళకి కారియర్లు పంపిస్తుంది. ఆఖరి రోజున పంపులు ఆగాక, అన్నం ఉడుకుతున్న చప్పుడు మొదటిసారి విని, అది ఉడికేదాకా నీళ్ళలో నిలబడుతుంది. పడవెక్కిన పిల్లలు పిలుస్తున్నా కదలదు.

వాడపల్లివాళ్ళ తెప్ప పొలానికి మోకు పేనుతున్న రోజులు కావడంతో పాకలో పని తెంపు లేకుండా నడుస్తోంది. రోజుకొక అధ్యాయం చదువుతూ వచ్చాను. తిట్లు తిన్నాను. 'ఈవిడ కారియర్లో పచ్చడి పెట్టలేదు', 'ఆ రోజుల్లో అలాంటి చీర లేదు', 'నీకు ఆడవాళ్ళ కోపం తెలీదు, ఇలా ఇవ్వు నేను చెప్తాను'. కోపం వచ్చినప్పుడల్లా రెండో వాక్యం గుర్తు తెచ్చుకున్నాను. అలా గుర్తు తెచ్చుకోవడం మర్చిపోయిన రోజున మళ్ళీ గుమ్మంలో వంగి పూసలు ఏరాను.

ఎండు గాలులు హోరెత్తిన రోజు

ఆఖరి అధ్యాయం చదివాను.

పంపులు ఆగిన చోటికి వచ్చాను. నూకాలు చెవి ఒగ్గింది. కుతకుత. అక్కడ నా గొంతు ఒక్కటే వినపడుతున్నట్టనిపించి తలెత్తాను. పీచు చప్పుడు లేదు. అడుగుల చప్పుడు లేదు. రెండు వరసలూ ఎక్కడివాళ్ళు అక్కడే నిలబడిపోయారు, తాడు చేతుల్లోనే ఉంది. ఒకరిద్దరు దాన్ని గుండెలకేసి లాక్కున్నారు. మాణిక్యం పిన్ని మెల్లగా, ఆవిడ నోట నేనెన్నడూ విననంత మెల్లగా, "చదువు" అంది.

చదివాను. వీధి మునిగింది.

తర్వాత కామాయమ్మత్త చేతిలోని తాడు చూసుకుని ఒక్క కేక పెట్టింది. "ఓరి నీ నవల తగలెయ్య! రెండు బారల తాడు పాడైపోయిందిరా!"

నిజమే. ఆగిపోయిన చోట ఒకరు గట్టిగా లాగారు, ఒకరు వదిలేశారు. ఒక చోట బిగుసుకుపోయి ముడి, ఇంకో చోట పీచు విచ్చుకుపోయి జడ విప్పినట్టు. అది మోకుకి పనికిరాదు. కత్తి తెచ్చి ఆ ముక్క కోసి నా మెళ్ళో వేసింది. "తీసుకుపో. నీ మొదటి రోజు తాడు కూడా చూశాను నేను, ఉపన్యాసం రోజుది. ఎక్కడా తేడా లేదు, నున్నగా ఉంది," అంది. ముక్కు ఎగబీలుస్తూ తిట్టింది.

అదే రోజు, సాయంత్రం

తలుపులమ్మగారు తాడు రెండు చేతులా పట్టుకుని, వేళ్ళతో తడుముతూ పోయారు. ముడి దగ్గర ఆగారు.

"ఇక్కడేమైంది కథలో?"

"పంపులు ఆగాయండి."

ఆవిడ లవంగం నమలడం మానేశారు. "కామాయి ఆగిందా? కామాయి చేతులు ఆగాయా?" అని రెండుసార్లు అడిగారు. తర్వాత తక్కెడ వైపు చూపించారు. "కాగితం తీసుకురా."

నా దగ్గరున్న కాగితం ఒకటే, మామయ్య పెట్టెలోది. ఆ సంగతి నాకు మొదటి రోజునే తెలుసు. ఇన్నాళ్ళూ ఆ మాట ఈ పలక మీద రాయలేదు, అంతే.

గాలి పడిపోయిన రోజు

పెట్టె మోసుకెళ్ళాను. తూకం సరిపోతుంది, పుస్తకాలు పాకకీ, గంజికేంద్రానికీ, అడిగిన గదులకీ వస్తాయి, నాకొకటి మిగులుతుంది అన్నారు తలుపులమ్మగారు. రాసినవాడే చేత్తో నానబెట్టాలట, అది ఆవిడ పద్ధతి. "ఏం పోయిందో తెలిసినవాడు చెత్త రాయడు" అంటారు.

కూలి రేట్లు వేశాను. మూఢనమ్మకాలు వేశాను. పాము కాటు వేసే ముందు బొమ్మలన్నీ ఒకసారి చూశాను. తేనెటీగల దగ్గర చెయ్యి ఆగింది. అక్కడే నిలబడి పైకి చదవడం మొదలుపెట్టాను, వాన లేకపోయినా, టార్పాలిన్ లేకపోయినా. రాణి ఈగ ఎగిరిపోయే చోటికి వచ్చేసరికి తలుపులమ్మగారు తొట్టి అంచు మీద కూర్చుని వింటున్నారు.

"వదిలెయ్యాల్సింది కాదు," అన్నారు.

"మామయ్య కూడా అదే అనేవాడండి," అని దాన్ని నీళ్ళలో వదిలాను. కాసేపు తేలింది. అక్షరాలు పైకే ఉన్నాయి. తర్వాత మెత్తబడి దిగిపోయింది.

అట్ట ఊడిన పుస్తకం చొక్కాలో పెట్టుకున్నాను. ఆవిడ చూశారు. "అది ఉంచుకుంటే ఒక ప్రతికి కాగితం తగ్గుద్ది," అన్నారు.

"నా ప్రతి తగ్గించండి," అన్నాను.

చిన్న పోటు రోజు

పుస్తకాలు వచ్చి వారమైంది. కుట్టింది ఆ రెండు బారల తాడు పీచుతోనే. పాకలో విప్పి సన్నంగా పేని ఇచ్చారు. కాగితం బూడిదరంగులో ఉంది. సరిగా నానని తునకలు అక్కడక్కడా మిగిలిపోయాయి. ఒక ప్రతిలో నూకాలు కారియర్ సర్దే చోట పాత అచ్చులో 'కూలి' అని ఉంది. ఇంకో ప్రతిలో ఆఖరి పేజీ అంచున ఈగ రెక్క బొమ్మ, సగం. తలుపులమ్మగారు ఏరిపారేద్దామన్నారు. వద్దన్నాను.

ఈ మధ్యాహ్నం గంజికేంద్రానికి వెళ్ళేసరికి వరస కదలడం లేదు. ముందు ఏదో గొడవ. గొడవంటే నేను ఆగను, దూరిపోయాను. అబ్బులు గరిటె పైకెత్తి అరుస్తున్నాడు. ఎదురుగా సుభద్రక్క. ఇద్దరి చెవుల్లోనూ పూసల్లేవు.

"పిల్లలు పడవలో ఉంటే అన్నం ఉడికేదాకా ఆగడమేంటక్కా? బుద్ధుందా ఆ నూకాలికి?"

"ఆ చప్పుడు మళ్ళీ వినపడుద్దా నీకు? వండేవాడివై ఉండి, ఉడుకుతున్న అన్నం వదిలేసి పోమంటావా?"

"పొమ్మనే అంటాను!"

"అయితే నువ్వు మనిషివి కాదు!"

వరసలో వెనకాల ఎవరో, "ముందు మాకు గంజి పొయ్యండ్రా నాయనా," అన్నారు. ఇంకెవరో, "ఆగండి, అక్క చెప్పేది నిజమే," అన్నారు. గంగరాజు బాబాయి మీసం వదిలేసి, ఆ పడవ నడిపేవాడిది తప్పంటున్నాడు. వాన లేదు, టార్పాలిన్ లేదు. కానీ నాకు కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చోవాలనిపించింది.

అబ్బులు నన్ను చూశాడు. "ఇదుగో, రాసినోడే వచ్చాడు. నువ్వు చెప్పరా వైనా. ఆగడం ఒప్పా, తప్పా?"

వరసంతా నా వైపు తిరిగింది. ఇలాంటి క్షణం కోసం నేను చిన్నప్పటినుంచీ ఉపన్యాసాలు దాచుకున్నాను.

"నా దగ్గర పుస్తకం లేదు అబ్బులూ," అన్నాను. "నీది ఒకసారి ఇస్తే చదివి చెప్తాను."

ఇవ్వనన్నాడు. ఇంకా పూర్తి కాలేదట.